టీకొట్టు బెంచీకి నేనెట్టిన మెరుపు

"ముందు నువ్వు కూకో."

"కూకున్నాను మావా. ఏటీ అవనేదు. ఇంక రా, తొంగో."

మా ఆయనా నేనూ ఆకర్న అనుకున్న మాటలివే. పలాస ఆసుపత్రిలో ఆయనకి మంచం మార్సినారు. కొత్త పరుపు, దాని మీద నిగనిగలాడిపోతన్న రెగ్జిన్ గుడ్డ. ఆయన ఆ మెరుపునోసారి సూసినాడు, నన్నోసారి సూసినాడు, అంత నీరసంలోనూ మీసం కింద నవ్వుకోని ఆ మాటన్నాడు. నేను కూకున్నాను. ఆయన తొంగున్నాడు. మరి లెగనేదు.

రెండేల్లయిపోనాది. ఏడుపు కత ఎత్తుకున్నాదనుకోని పుస్తకం మూసీకండి. సచ్చిపోయే మనిసి పెల్లాంతో "ముందు నువ్వు కూకో" అని ఎందుకన్నాడో సెప్దారని మొదలెట్టినాను. మా ఉద్దానం మీద తుపాన్లు సానా వొచ్చినాయి. సెట్లు పడిపోనాయి, కప్పులెగిరిపోనాయి. కానీ ఊరి మొగోలందర్నీ మూడ్రోజులు కూకోనివ్వకండా నిలబెట్టీసిన తుపాను మాత్రం ఒకటే. దాని పేరు తులసమ్మ. అంటే నేనే.

నాకు సంతకం ఒక్కటే వొచ్చు. అదీ 'తు' రాసి, 'ల' దగ్గర కాసింత ఊపిరి తీసుకోని ఎల్తాను. మా సెల్లి కూతురు రేవతి టెక్కలి బల్లో టీచరమ్మ. నేను సెప్తంటే అది రాత్తన్నాది.

ఇరవయ్యేల్లు నేను పలాసలో జీడిపిక్కలు కొట్టినాను. పిక్క తొక్కలో ఒక నల్లటి సమురుంటాది. అది తగిలితే దురదెక్కుతాది, తెల్లారేసరికి కాలినట్టు పొక్కులొచ్చేత్తాయి. సేతులకి బూడిద రాసుకోని కొడతాం. ఇరవయ్యేల్లు అలాగ కొట్టీసరికి నా అరసేతులు ఎలాగ తయారయినాయంటే, సీమ కుడితే నొప్పి సీమకే. ఆ గర్వమే నా కొంప ముంచినాది. నా ఒక్కర్తి కొంపయితే పోనీ అనుకుందును.

ఆ యేడు విశాకపట్నం నుంచి ఒక మేడమొచ్చి, మా సంగంలో నాతో కలిపి పది మంది ఆడోలకి కొత్త పని నేర్పినాది. పాల పేకెట్లు, కేరీబేగులు, సీసా మూతలు, జీడితోటల్లోనా సముద్రం ఒడ్డునా పడున్న సెత్తంతా ఏరి, కడిగి, ఆరబెట్టి, బాండీలో సన్నటి సెగ మీద కరిగించి, ఇనప ఫ్రేములో పోసి నొక్కితే టైలు తయారు. గోడకెట్టుకోవచ్చు, గట్టుకి అతికించుకోవచ్చు. ఎర్ర మూతలు ఏత్తే ఎర్ర పువ్వు, నీలం మూతలు ఏత్తే సముద్రం. సూత్తంటే ముగ్గు కరిగి గట్టిపడినట్టుంటాది.

మా ఆయన లోకనాదానికి ఊరి మొదట్లో టీకొట్టు. దాని ఎనకాల టార్పాలిన్ కట్టుకోని అక్కడే పని సేసీవోలం. గాలొత్తే టార్పాలినొక పక్క, మేమొక పక్క. ఊరి సివర పాత గిడ్డంగి ఏల్ల తరబడి కాలీగా పడుంది. అది మాకిచ్చి, టైల్లు నొక్కే మిషను కూడా ఇత్తామన్నారు సర్కారోలు. కాకపోతే టెక్కలి నుంచి ఆఫీసరమ్మ వొచ్చి, పని సూసి, ఊరోలని అడిగి, అప్పుడు సంతకమెట్టాల. వానలొచ్చేలోపు ఆ సంతకం పడకపోతే మా బాండీల్లో వాననీరే. పది మందీ మల్లీ పిక్కలు కొట్టుకోడానికి పోవాలిసిందే.

మొగోలేటంటారు? ఏడిపించుకు తిన్నారు. అందరికన్నా ముందు పాపారావు బావ. ఊల్లో ఏ తగువుకైనా ఆయనే పెద్దమనిసి. రోజూ తెల్లటి లుంగీ కట్టుకోని టీకొట్టు దగ్గర కూకునీవోడు.

"ఏటి తులసీ, ఉద్దానం ఆడోలు జీడి ఏరినారు, కొబ్బరి ఏరినారు, ఇప్పుడు సెత్త ఏరతన్నారా? రేపు దీన్ని కూరొండుతావేటి?"

"కూర కాదు బావా, నీకు ఆసనమేత్తాను. దాని మీదే కూకుంటావు సూడు."

"నేనా? సెత్త మీదా? నా లుంగీ కొస కూడా తగల్నివ్వను."

ఆ మాట గురుతెట్టుకోండి. లుంగీ మల్లీ వత్తాది.

పని నేర్పేటప్పుడు మేడమ్ గట్టిగా సెప్పినాది. "ఫ్రేములో పోసే ముందు పల్చగా కొబ్బరినూనె రాయండి. లేకపోతే టైలు ఊడిరాదు."

"కొబ్బరినూనా మేడమ్? తలకి రాసుకునే నూనె ఇనపసట్రానికి రాయమంటారా?"

"కొంచెమే అమ్మా. రెండు చుక్కలు."

రెండు సుక్కలంట! కొబ్బరిసెట్ల కింద పుట్టి పెరిగినదాన్నే అయినా, ఆ రెండు సుక్కలకి నాకు పేనం ఒప్పనేదు. ఆలోసించినాను. నేను ఆలోసించకండా ఉంటే ఊరు సల్లగా ఉండును గానీ, ఆలోసించినాను. మా రేవులో పడవలకి ఏటి రాత్తారు? జీడి సమురు. రాసిన పడవ నీరు తాగదు, పురుగు పట్టదు, నల్లతాసుపాములాగ మెరుత్తాది. సముద్రాన్ని ఆపిన సమురుకి పాల పేకెట్టొక లెక్కా?

మరి దురదో? దానికీ జవాబు తీసీసినాను. పిక్కల్ని ఏపితే సమురు పోతాది కదా. అలాగే సలసలకాగే ప్లాస్టిక్కు తగిలితే దురద అందులోనే సచ్చిపోతాది. ఇదీ నా సైన్సు. రేవతి ఇక్కడ పెన్నాపి నవ్వుతన్నాది. నవ్వే తల్లీ, నవ్వు. ఆ రోజు నువ్వు నా పక్కనుంటే ఊరి మొగోలు ఎల్లకిలా తొంగుందురు, బోర్లా కాదు.

జీడి సమురు రాసి పోసినాను. టైలు పనసతొన లోంచి పిక్క జారినట్టు జారి వొచ్చీసినాది. ఆ మెరుపేటమ్మా! మిగతా తొమ్మిది మందీ పనులొదిలీసి సుట్టూ మూగిపోనారు.

"అత్తా, నీ టైలు అద్దంలాగుంది. మాది సద్దన్నంలాగుంది. ఏటి రాసినావు?"

"ఏటీ నేదే. సేతి గుణం."

నోరు తెరిసి నిజం సెప్పీసుంటే ఆల్లలో ఒక్కర్తైనా "ఓలమ్మో, దురదే" అనీది. కానీ గొప్పంతా నాకే కావాల కదా! ఆఫీసరమ్మ వొత్తాదని తెలీగానే, మా టీకొట్టు ముందున్న సిమెంటు బెంచీకి నా టైల్లన్నీ అతికించీసినాను. పచ్చటి ఆకుల మద్దిన ఎర్ర జీడిపల్లు, ప్రతి పండు కిందా ఒక నల్లటి పిక్క. సాలదన్నట్టు, ఓ డబ్బా సమురు గుడ్డతో అద్ది, బెంచీ ఆ కొస నుంచి ఈ కొస దాకా తోమి తోమి పాలీసెట్టినాను. నా సేతులకి ఏటీ అవనేదు. సెప్పినాను కదా, సీమ కుడితే నొప్పి సీమకే.

ఆఫీసరమ్మ రాడానికి ఒక రోజు ముందు పొద్దున్నే బెంచీ మీద కప్పిన గోనె తీసినాను. మొగోలు వొచ్చినారు. సూసినారు. పాపారావు బావ సుట్టూ తిరిగి సూసినాడు, గోరుతో గోకినాడు, ఆకరికి లుంగీ సర్దుకోని కూకున్నాడు.

"ఓరి బాబో, ఎంత సల్లగుందిరా! ఇది సెత్తంటే ఎవుడు నమ్ముతాడు?"

ఇంక సూసుకోండి. ఆరుగురు పట్టే బెంచీ మీద ఎనిమిది మంది ఇరుక్కున్నారు. ఒకడు లెగిత్తే ఇంకొకడు కూకోడం. ఎండ, సెమట, పల్చటి లుంగీలు. మజ్జేన్నం బేరం తగ్గినాక మా ఆయన కూడా దర్జాగా కాలు మీద కాలేసుకోని కూకున్నాడు. "తులసీ, నువ్వు సామాన్యురాలివి కాదే" అన్నాడు. అది ముమ్మాటికీ నిజమే. నేనా? నేను కూకోనేదు. గలాసులు కడగడానికే నాకు పొద్దు సాల్నేదు.

కూకోని తింటే కొండలైనా కరిగిపోతాయంటారు. మా ఊల్లో తినక్కర్నేకపోనాది, ఉత్తినే కూకుంటే సాలు.

తెల్లారినాది. మొగోలు టీకి వొచ్చినారు. ఒక్కడూ కూకోడే! పరిగెత్తి పాలు తాగీ కంటే నిలబడి నీల్లు తాగడం మేలంటారు, ఈల్లు నిలబడి టీలు తాగతన్నారు. అదీ కాల్లు ఎడం ఎట్టుకోని, కొత్తగా తాటిసెట్టు ఎక్కి దిగినోల్లాగ. నాకు మండిపోనాది. సూసినారా, ఆడదాని పనికి మంచి పేరొత్తాదని కట్టుగట్టీసినారు, ఆఫీసరమ్మ ముందు నా బెంచీని ఎలేసీడానికి!

"ఏటి బావా, నిన్న లెగమంటే లెగనేదు. ఇయ్యాల కూకోడానికేటి?"

"ఊరికేనే. నిలబడితే ఆరోగ్యం."

"అందరికీ ఒకేసారి ఆరోగ్యం మీద మోజు పుట్టిందేటి? కూకో!"

"తులసీ, దండమెడతాను. కూకో అన్న మాట మాత్తరం అనకు."

మా ఆయన సైగ సేసి నన్ను టార్పాలిన్ ఎనక్కి రమ్మన్నాడు. ఆయనా అదే నడక.

"ఆ బెంచీకి ఏటి రాసినావే?"

"ఏటి రాత్తాను? ఏటీ రాయనేదు."

"తులసీ."

"ఏదో... కాసింత జీడి సమురు."

"కాసింతా?"

"ఓ డబ్బా."

ఆయన ఆకాశం కేసి సూసినాడు. తిట్టనేదు. తిడితే బాగుండును. "ఇరవయ్యేల్లు పిక్కలు కొట్టినావు" అన్నాడు నెమ్మదిగా. "నీ సేతులు సూసి మా అందరికీ అలాంటి సర్మమే ఉంటాదనుకున్నావేటే?"

బూడిదా సబ్బూ తెచ్చి కడిగీద్దారని పరిగెత్తినాను. బకెట్టు ముట్టుకున్నానో నేదో, జీపొచ్చీసినాది.

ఆఫీసరమ్మ సిన్న వయసుదే, మంచి సీర కట్టుకోని వొచ్చినాది. దిగీసరికి ఊరి మొగోలంతా బారుగా నిలబడున్నారు. కుర్సీలేసి ఉన్నాయి, ఒక్కడూ కూకోడు.

"అయ్యో, కూర్చోండి, కూర్చోండి."

"పర్లేదు మేడమ్" అన్నారు అందరూ ఒకే గొంతుతో.

"నాకోసం నిలబడక్కర్లేదండీ. దయచేసి కూర్చోండి."

"మీ ముందు కూకోడమా మేడమ్! ఎంత మాట!" అన్నాడు పాపారావు బావ. మాట్లాడతన్నంత సేపూ సెమట కారిపోతాంది.

ఆవిడకి కల్లు సెమర్సినాయి. "ఎన్నో ఊళ్ళు తిరిగాను. మహిళా సంఘం పని చూడటానికి వస్తే మగవాళ్ళు ఇంత గౌరవం చూపించిన ఊరు ఇదే" అన్నాది. నేను తలొంచుకున్నాను. ఏటి సెయ్యను? గౌరవం ఏ ఏపు నుంచి పుట్టిందో నాకు తెలుసు కదా!

బాండీలు సూసినాది, మిగతా ఆడోలు సేసిన టైల్లు సూసినాది, టార్పాలిన్ సిరుగులు సూసినాది. అంతా బాగానే జరుగుతాంది. ఇంక గిడ్డంగి మాదే అనుకున్నాను. అప్పుడు ఆవిడ కల్లు బెంచీ మీద పడినాయి.

"ఎంత అందంగా ఉంది! ఈ మెరుపు ఎలా వచ్చింది?"

"సేతి గుణం మేడమ్" అన్నాను.

"దీని మీద కూర్చుని ఒక ఫోటో దిగుతాను" అని సీర కుచ్చిల్లు సర్దుకున్నాది.

ఆవిడ కూకుంటే సంతకం మాటేటి, పొక్కులతో టెక్కలెల్లి మా అందర్నీ టేసనులో కూకోబెడతాది. నిజం సెప్దారంటే, సంగానికి ఊరి మీద ఇసం సల్లిందని పేరొత్తాది. కాల్లు రెండూ నేలకి అతుక్కుపోనాయి. కొబ్బరినూనె రాయని టైల్లాగ.

అప్పుడు మా ఆయన కేకేసినాడు.

"ఓలె తులసీ! ముందు నువ్వు కూకో!"

ఆఫీసరమ్మ ఆగిపోనాది. ఊరంతా ఆగిపోనాది. మా ఆయన సేతులు కట్టుకోని, గుల్లో పూజారిలాగ సెప్తన్నాడు. "తప్పుగా అనుకోకండి మేడమ్. మా ఊరి ఆచారం. ఏది కట్టినా, దాన్ని సేసినోల్లు ముందు కూకోవాల. ఆల్లు కూకోకండా పెద్దోల్లు కూకుంటే పెద్దోల్లకి అరిట్టం."

ఆ ఆచారం ఆ నిమసంలోనే పుట్టినాది. ఇంకా బొడ్డు కూడా కొయ్యనేదు.

ఎల్లి కూకున్నాను. మద్దిన కాదు, కాల్లు బారజాపి, సీర పరిసి, ఆరుగురి సోటూ నేనే ఆక్కరమించీసినాను. ఆవిడ పాపం కొస మీద సర్దుకుందామని సూసినాది. నేను మోకాలు అటు జరిపినాను.

"ఎంతసేపు కూర్చోవాలి ఆవిడ?"

మా ఆయన "ఓ అయిదు నిమసాలు" అనబోనాడు. ఇంతలో పాపారావు బావ గొంతు సవరించుకున్నాడు. పొక్కులతో నిలబడ్డ పెద్దమనిసికి పగ తీర్సుకునీ సమయం దొరికితే ఒదుల్తాడా?

"అయిదు నిమసాలేటి లోకనాదం, తప్పు సెప్పకు. పొద్దు నడినెత్తికి వొచ్చీదాకా. మా తాతల నాటి నుంచీ అంతే మేడమ్."

"అంతే, అంతే" అన్నారు మొగోలంతా. రాత్రంతా నిద్దర్నేని మొహాల మీద అప్పుడొచ్చినాది నవ్వు!

రావివలసలో ఎండల మల్లన్న కప్పు నేకండా ఎండలో కూకుంటాడు. ఆయన దేవుడు, ఓర్సుకుంటాడు. నేను పది గంటల నుంచి నడినెత్తి పొద్దు దాకా ఆ ఎండలో, నా సమురు మీద నేనే, కదలకండా కూకున్నాను. పదకొండుకి ఎచ్చగా అనిపించినాది. పదకొండున్నరకి సీమలు పాకినట్టయినాది. అయినా నవ్వుతానే ఉన్నాను, ఫోటోలు తీత్తన్నారు మరి. అప్పుడు తెలిసినాది నాకు, ఇరవయ్యేల్లు పిక్కలు కొట్టి గట్టిపడినవి సేతులే. పిక్కలు కొట్టినప్పుడు కూకునే సోటుకి ఏ పనీ సెప్పనేదు కదా!

ఆవిడ నా ఎదురుగానే బల్ల ఏసుకోని కాగితాల మీద సంతకమెట్టీసినాది. గిడ్డంగి మాదే, మిషనూ మాదే. ఎల్తా ఎల్తా బెంచీ టైలొకటి గురుతుగా అడిగినాది. నేను ఉలిక్కిపడి, సద్దన్నం టైల్లలో ఒకటి తెప్పించి సేతిలో ఎట్టినాను.

"ఇది అంత మెరవట్లేదే?"

"మెరవదు మేడమ్. కానీ సుకంగా ఉంటాది."

జీపు మలుపు తిరిగినాదో నేదో, మా ఊల్లో ఉన్న కొబ్బరినూనంతా బయటికొచ్చినాది. ఇల్లిల్లూ కొబ్బరినూనె వాసనే. రెండు సుక్కలు ఫ్రేముకి రాయడానికి ఏడ్సిన తులసమ్మ, మూడ్రోజుల్లో ఊరికి ఎన్ని డబ్బాలు రాయించిందో! మోవమాటం ఒదిలి సొంతానికీ రాసుకున్నాది. పాపారావు బావ తెల్ల లుంగీ మీద నల్లటి జీడిపిక్క ముద్రొకటి పడిపోనాది. ఎన్నిసార్లు ఉతికినా పోనేదు. "ఇది నా పతకం" అని ఇప్పటికీ సూపిత్తాడు, ఆ మనిసి.

బెంచీని బూడిదతో, సబ్బుతో, కిరసనాయిలుతో తోమి కడిగినాం. అయినా నెల్లాల్లు నేను పొద్దున్నే కూకోని లెగిత్తేనే గానీ మొగోలు కూకోనేదు. గిడ్డంగిలోకి మిషనొచ్చిననాడు దాన్ని తెచ్చిన మేస్త్రీని మిషను పక్కన కుర్సీలో కూకోబెట్టినారు. బల్లోకి కొత్త బెంచీలొత్తే వడ్రంగిని కూకోబెట్టినారు. ఇప్పుడు పక్కూరోలు కూడా "తాతల నాటి ఆచారమంట" అని కూకుంటన్నారు. ఆచారాలు అలాగే పుడతాయి కాబోలు, ఎవులికో ఎక్కడో దురదెక్కి.

మా ఆయన మాత్తరం ఆ మాట ఒదల్నేదు. కొత్త మంచం తెత్తే "ముందు నువ్వు కూకో". బస్సెక్కితే "ముందు నువ్వు కూకో". ఎవులింటికెల్లినా సోపా సూపించి, అందరి ముందూ, "ముందు నువ్వు కూకో". నేను మూతి తిప్పుకుంటా కూకునీదాన్ని, ఆయన నవ్వుకుంటా పక్కన కూకునీవోడు. ఆ పక్కన ఇప్పుడు కాలీయే. అయినా కొత్త కుర్సీ ఏది కనబడినా నాకు నవ్వే వత్తాది.

మా గిడ్డంగిలో ఇప్పుడు రోజూ టైల్లు నొక్కుతన్నాం. ప్రతి ఫ్రేముకీ రెండు సుక్కల కొబ్బరినూనె నా సేత్తో నేనే రాత్తాను. ఎండల మల్లన్న సాచ్చిగా, పాపారావు బావ లుంగీ సాచ్చిగా ఒట్టేసి సెప్తన్నాను. ఇంక ఈ జన్మలో జీడి సమురు పడవలకి తప్ప రాయను, రాయనివ్వను, రాసినోల్లతో మాటాడను. పడవకైతే దురదుండదు కదా, పాపం.

రేవతీ, అయిపోనాది. ఇంక మొదట్నుంచీ సదివి ఇనిపించు తల్లీ, మీ పెదనాన్న మాట దగ్గర్నుంచి. నిలబడి సదువుతానంటావేటే? ఆ కుర్సీ నేను సేసింది కాదే! సర్లే. ఇదిగో, ముందు నేనే కూకున్నాను. ఏటీ అవనేదు. ఇంక సదువు.